దాలినాయుడు గారి దారుల పట్టిక

వేడెక్కిన దుమ్ము మీద తడి బంతిపూలు పెడితే ఒక వాసన వస్తుంది. అది పూల వాసనా కాదు, దుమ్ము వాసనా కాదు. దేవుడికీ కరెంటుకీ మధ్య కుదిరిన రాజీ వాసన. విశ్వకర్మ పూజ నాడు రాయపూర్ అంతా ఆ వాసనే. ఆటో హ్యాండిళ్ళకూ, రైసుమిల్లు మోటార్లకూ, వెల్డింగ్ షాపుల డబ్బాలకూ బొట్లు పెట్టి, దండలు వేసి, ఆ పూటకు వాటికి విశ్రాంతి ఇస్తారు. ఈ ఏడు మా ఆవిడ అరుణ ఇంట్లో శబ్దం చేసే ప్రతి వస్తువునూ యంత్రంగా గుర్తించింది. మిక్సీ, వాషింగ్ మెషీన్, నా స్కూటరు, గోడకు వేలాడే ఇంటర్నెట్ మోడెం, అన్నీ కుంకుమతో పెళ్ళిపెద్దల్లా వెలిగిపోతున్నాయి. కుంకుమ భరిణె పట్టుకుని నా దాకా వచ్చి, ఒక క్షణం ఆలోచించి, "మీరు శబ్దం చేస్తారు గానీ పని చెయ్యరు లెండి" అని వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ వాసన ముక్కుకు తగలగానే నా వేళ్ళు నన్ను అడగకుండానే ల్యాప్‌టాప్ తెరిచి, నల్లటి తెర మీద netstat -rn అని కొట్టాయి. అంటే మరేం లేదు, "నాయనా, నీకు ఎక్కడెక్కడికి దారులు తెలుసో చెప్పు" అని యంత్రాన్ని అడగడం. అది ఒక చిన్న పట్టిక చూపిస్తుంది. ఫలానా చోటికి వెళ్ళాలంటే ఫలానా గుమ్మంలోంచి, ఫలానా తీగ మీదుగా. లోకంలో ఈ పని తెలిసినవాళ్ళందరూ ఆ పట్టికను కళ్ళతో చదివి మూసేస్తారు. నేను మాత్రం దాన్ని బస్టాండులో కండక్టరులా పైకి కేకేసి చదువుతాను. ఈ రోగం నాకు అంటించిన మహానుభావుడి పేరు దాలినాయుడు. మీరెవరూ ఆయన్ని చూడలేదు. ఆ లోటు నేను తీర్చలేను గానీ, మీరేం పోగొట్టుకున్నారో చెప్పగలను.

రాయపూర్ కొత్తగా రాజధాని అయి, ప్రతి పాన్ డబ్బా యజమానీ సగం మంత్రిలా నడుస్తున్న రోజుల్లో నేను దేవేంద్ర నగర్‌లో ఒక ఇనుపకడ్డీల కంపెనీలో చేరాను. కడ్డీలు బీర్‌గావ్ ఫ్యాక్టరీలో తయారయ్యేవి, కాగితాలు దేవేంద్ర నగర్ ఆఫీసులో తయారయ్యేవి. రెంటికీ మధ్య ఒక టెలిఫోన్ తీగ. ఇక్కడి పెద్ద కంప్యూటరు ఆ తీగ మీద కబురు పంపితే అక్కడ గేటు దగ్గర ప్రింటరు గేట్‌పాస్ కక్కేది. గేట్‌పాస్ వస్తేనే లారీ కదిలేది. అంటే ఛత్తీస్‌గఢ్‌లో లేచే మేడలన్నీ ఆ తీగకే వేలాడుతున్నాయని మా నమ్మకం.

ఆ పెద్ద కంప్యూటరున్న గదికి అధిపతి దాలినాయుడు గారు. మనిషి ఎత్తు తలుపు కంటే కొంచెం తక్కువ. మీసం వెడల్పు తలుపు కంటే కొంచెం ఎక్కువ. మే నెలలో రోడ్డు మీద తారు పాకంలా సాగుతుంటే ఆయన ఆ గదిలో స్వెట్టరు మీద మఫ్లరు చుట్టుకుని, టీ గ్లాసుతో చేతులు కాచుకునేవారు. ఆఫీసు మొత్తం మీద చల్లగా ఉండేది ఆ గది ఒక్కటే. అందువల్ల అకౌంట్స్ తివారీజీ పెరుగు గిన్నె, రిసెప్షన్ మేడం కంటిచుక్కలు, కంపెనీ యజమాని చిన్న సేఠ్ గారి తల్లి, అందరూ హిందీలో మాజీ, అంటే అమ్మగారూ, అని పిలిచే పెద్దావిడ వాడే హోమియోపతి గోళీలు, ఇవన్నీ అక్కడే కాపురం ఉండేవి. దాలినాయుడు గారు ఎవరినీ కాదనేవారు కాదు. కంప్యూటరుకు దొరికే చలి పెరుగుకు ఎందుకు దొరకకూడదన్నది ఆయన సోషలిజం.

నన్ను ఉద్యోగంలోకి తీసుకునేముందు ఆయన అడిగింది ఒకే ప్రశ్న. "రెండు కంప్యూటర్లు మాటాడుకోడం మానేసినాయి. ఏటి సేస్తావు?"

"రీస్టార్ట్ చేస్తాను సార్."

ఆయన టీ గ్లాసు కింద పెట్టి నావైపు చాలా జాలిగా చూశారు. "మీ అమ్మా నాన్నా మాటాడుకోడం మానేస్తే? ఇద్దర్నీ రీస్టార్టు సేసేస్తావేటి?"

ఉద్యోగం పోయిందనుకున్నాను. కానీ ఆయన కుర్చీ జరిపి నన్ను కీబోర్డు ముందు కూర్చోబెట్టి, netstat -rn కొట్టించి, వచ్చిన పట్టికను పైకి చదవమన్నారు. నేను గుడిలో మొదటిసారి మైకు పట్టుకున్నవాడిలా గొణిగాను. ఆయన ప్రతి వరుసనూ గట్టిగా తిరిగి చెప్పారు. మన ఆఫీసు, ఎదర తీగ. మన ఆఫీసు, ఎదర తీగ. బీర్‌గావ్, పాత మోడెం గుమ్మం. బీర్‌గావ్, పాత మోడెం గుమ్మం. తరవాత యంత్రం తన దగ్గరకు తాను వెళ్ళే దారి ఒకటి ఉంటుంది. దాన్ని ఆయన 'ధ్యానం లైను' అనేవారు. ఆఖరున డిఫాల్ట్, అంటే పై వరుసల్లో పేరు లేని ఊళ్ళన్నిటికీ కలిపి ఒకే దారి. అది కొత్త బ్రాడ్‌బ్యాండ్ గుమ్మంలోంచి బయటి ప్రపంచంలోకి పోయేది. అంతా అయ్యాక ఆయన సంతృప్తిగా, "ముందు సూడాల. సూసింది పైకి సెప్పాల. రెండోవోడు తిరిగి సెప్పాల. అప్పుడు సెయ్యి పెట్టాల," అన్నారు. అదే నా అపాయింట్‌మెంట్.

ఈ పద్ధతి ఆయన ఏ కంప్యూటరు చదువులోనూ నేర్చుకోలేదు. వాళ్ళది విజయనగరం వైపు నుంచి వచ్చి రాయపూర్ రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డ కుటుంబం. నాన్న గూడ్సు బండి డ్రైవరు. ఇంజనులో సిగ్నల్ కనబడగానే డ్రైవరు దాని రంగు పైకి చెప్పాలి, పక్కనున్న అసిస్టెంటు అదే మాట తిరిగి చెప్పాలి. ఎదురుగా సూర్యబింబమంత ఎర్రదీపం వెలుగుతున్నా సరే, ఇద్దరూ చెప్పుకుంటేనే అది ఎరుపు. ఆ పెద్దమనిషి ఈ అలవాటును ఇంటికి కూడా తెచ్చాడట. వంటింట్లో ఆవిడ "చారులో ఉప్పేశాను" అంటే, హాల్లోంచి ఈయన "చారులో ఉప్పేసినావు" అనాల్సిందే. వాళ్ళింట్లో ఏ వంటకంలోనూ ఏనాడూ రెండుసార్లు ఉప్పు పడలేదని దాలినాయుడు గారు గర్వంగా చెప్పేవారు. ఒక్కసారి కూడా పడని రోజులున్నాయేమో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

కొన్నాళ్ళకు నేను తెలివి మీరి, ఆ చివరి n అక్షరం అలంకారమేమో అనుకుని అది లేకుండా కొట్టాను. పట్టిక శీర్షిక వచ్చింది, దాని కింద తెర కొయ్యబారిపోయింది. నేను ఎంటర్ మీద ఎంటర్ కొట్టాను. దాలినాయుడు గారు మాత్రం తాపీగా మఫ్లరు సర్దుకుని, తమ పిన్ని అప్పయ్యమ్మ గారి కథ ఎత్తుకున్నారు. ఆవిడ పెళ్ళికి వెళితే ముందు భోజనం చెయ్యదట. గుమ్మంలో నిలబడి వచ్చిన ప్రతివాణ్ణీ నీ పేరేంటి, ఎవరబ్బాయివి, ఏ ఊరు అని అడిగి జవాబు వచ్చేదాకా లోపలికి పోనివ్వదట. n పెట్టకపోతే కంప్యూటరు కూడా అంతే. ప్రతి నంబరుకూ పేరేమిటో కనుక్కోవాలని బయటికి మనిషిని పంపుతుంది. ఆ రోజు బ్రాడ్‌బ్యాండ్ చచ్చి ఉంది కాబట్టి ఆ వెళ్ళిన మనిషి తిరిగి రాడు. ఆవిడ ఏ పెళ్ళిలో ఎవరిని ఎంతసేపు ఆపిందో ఆయన వరసగా చెప్పుకొచ్చి, అప్పయ్యమ్మ గారు తన సొంత అల్లుణ్ణే బయట నిలబెట్టిన ఘట్టానికి వచ్చేసరికి యంత్రం ఎదురుచూసి విసిగి, పేర్లు లేకుండానే వరుసలు ఒక్కొక్కటే తెర మీదకు వదిలింది. "ఆపదలో ఉన్నప్పుడు పేర్లడక్కు. నంబరు సూడు, దారి సూడు," అన్నారు. నాకు ఇప్పటికీ n చూస్తే గుమ్మానికి అడ్డంగా ఒక లావుపాటి పట్టుచీర కనబడుతుంది.

ఆ ఆఫీసులో మనుషులకు కూడా ఒక దారుల పట్టిక ఉండేది. జీతం గొడవ అయితే తివారీజీ, లారీ గొడవ అయితే బీర్‌గావ్ గేటు సింగ్‌సాబ్. ఏ వరుసలోనూ పేరు లేని పనులన్నీ, ఏసీలో పిల్లి దూరడం, మాజీ టీవీలో భక్తి చానెల్ పోవడం, చిన్న సేఠ్ సెల్‌ఫోన్ చైనా భాషలోకి మారిపోవడం, ఇవి డిఫాల్ట్ దారిలో నేరుగా నా దగ్గరకు వచ్చేవి. నేను ఏడుపుమొహం పెడితే దాలినాయుడు గారు నా భుజం తట్టి, "ఒరే సీనూ, డిఫాల్టు లేని నెట్‌వర్కు బావిలాంటిదిరా. ఇది నీకు ప్రమోషనే," అనేవారు. అలాంటి ప్రమోషన్లు నాకు రోజూ వచ్చేవి.

ఇలా హాయిగా సాగిపోతుండగా నాగపూర్ నుంచి ఒక కంపెనీ మనిషి దిగాడు. బూట్లలో మన మొహం కనబడేంత మెరుపు. మీ కంప్యూటరు గది మీకెందుకు, అంతా మాకప్పగించండి, మేము నాగపూర్ నుంచే చూసుకుంటాం అని చిన్న సేఠ్ చెవిలో ఊదాడు. చిన్న సేఠ్ కొత్తగా పగ్గాలు పట్టుకున్న కుర్రాడు; కొత్త మాట ఏది విన్నా కళ్ళు మెరిసేవి. పూజ అయిన మర్నాడు నాగపూర్ ఆయన వస్తాడు, గది చూస్తాడు, ఆ సాయంత్రానికి తేల్చేస్తాను అన్నాడు. గది పోతే దాలినాయుడు గారు పోతారు, ఆయన వెనక నేనూ పోతాను, మా ఇద్దరి వెనక తివారీజీ పెరుగు పోతుంది. ఆఫీసులో ఎక్కువమంది చివరిదాని గురించే దిగులుపడ్డారని నా అనుమానం.

దాలినాయుడు గారు దిగులుపడలేదు. ఆయనకు ఒక అస్త్రం ఉంది. ఆ కంప్యూటరు పెట్టిన నాటి నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు. ఇన్నాళ్ళుగా నిద్రపోకుండా నడుస్తున్నానని ఆ యంత్రమే తెర మీద చెబుతుంది. వచ్చిన ప్రతి అతిథికీ ఆయన అది చూపించి, సొంత కొడుకు ర్యాంకు చెప్పినట్టు మురిసిపోయేవారు. విశ్వకర్మ పూజ నాడు కూడా ఆ గది వరకు నడుస్తున్న యంత్రానికే దండ వేయించేవారు. పంతులు గొణిగితే, "మీరు పూజ సేసేటప్పుడు మీ గుండె ఆపుకుంటారా మహరాజ్?" అని హిందీలో అడిగి నోరు మూయించేవారు.

ఆ ఏడు మాత్రం పూజకు మాజీ స్వయంగా గదిలోకి వచ్చింది. తన హోమియో గోళీల సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, కంప్యూటరు మీద చెయ్యి వేసి, "బేటా, దీని ఒళ్ళు కాలిపోతోంది. పాపం అలిసిపోయింది. ఒక్క గంట పడుకోనీ," అంది. యాభై దాటిన మీసాన్ని అంతవరకు ఎవరూ బేటా అనలేదు. దాలినాయుడు గారి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆయనే యంత్రాన్ని పద్ధతిగా ఆపారు. ఫ్యాను శబ్దం ఆగిపోగానే ఆ గదిలో ఎంత నిశ్శబ్దం పడిందంటే, తివారీజీ పెరుగు తోడుకుంటున్న చప్పుడు వినబడింది. గంట తరవాత లేపితే యంత్రం బుద్ధిగా లేచింది. అందరం లడ్డూలు తిని ఇళ్ళకు పోయాం. పూజ కాబట్టి ఆ రోజు లారీలు లేవు.

మర్నాడు పొద్దున్నే బీర్‌గావ్ నుంచి సింగ్‌సాబ్ ఫోను. ప్రింటరు చచ్చింది, గేట్‌పాస్ రావడం లేదు, లారీల వరస గేటు దాటి మెయిన్ రోడ్డు మీదకు పాకింది, డ్రైవర్లు స్టవ్వులు వెలిగించి వంట మొదలెట్టారు. ఇంకాసేపు ఆగితే అక్కడ ఒక ఊరు వెలిసి వార్డు మెంబరు ఎన్నికలు జరిగేలా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే చిన్న సేఠ్, ఆయన పక్కన మెరిసే బూట్లు, గదిలోకి అడుగుపెట్టారు.

అప్పుడు నేను జన్మలో చూస్తానని అనుకోని దృశ్యం చూశాను. దాలినాయుడు గారికి చెమట పట్టింది. ఆ చలిలో, మఫ్లరు కింద. ఆయన చూడలేదు, చెప్పలేదు, నేరుగా చెయ్యి పెట్టారు. పాత మోడెం తీగ పీకి మళ్ళీ గుచ్చారు. టెలిఫోన్ వాళ్ళకు ఫోను చేసి వాళ్ళ పూర్వీకులను స్మరించారు. బీర్‌గావ్ పంతులు మోడెం మీదే కొబ్బరికాయ కొట్టి ఉంటాడు, నీళ్ళు దిగిపోయి ఉంటాయి అని సింగ్‌సాబ్‌ను దబాయించారు. సింగ్‌సాబ్ మోడెం వాసన చూసి, కొబ్బరి వాసన లేదు, అన్ని దీపాలూ పచ్చగానే ఉన్నాయని ప్రమాణం చేశాడు. నాగపూర్ ఆయన వాచీ చూసుకుంటూ, పాత మిషన్ కదా సార్, ఇలాగే ఉంటాయి అని చిన్న సేఠ్‌తో అన్నాడు. దాలినాయుడు గారి చెయ్యి యంత్రం మీటవైపు వెళ్ళింది. దాన్ని మళ్ళీ ఆపి లేపుదామని. రీస్టార్ట్!

నాకేమైందో తెలియదు. ఆయనకు ఎలా చెప్పాలో, చెప్పడానికి నేనెవర్నో తెలియదు. నా ముందున్న కీబోర్డు మీద netstat -rn కొట్టాను. గట్టిగా చదివాను.

"మన ఆఫీసు, ఎదర తీగ."

గదిలో అందరూ నావైపు తిరిగారు. దాలినాయుడు గారి చెయ్యి మీట మీదే ఉంది. జవాబు రాలేదు. చిన్న సేఠ్ కనుబొమ్మలు ముడిపడ్డాయి. నేను అదే వరుస ఇంకోసారి చదివాను. ఇంజనులో అసిస్టెంటు పలకకపోతే డ్రైవరు మళ్ళీ చెబుతాడని ఆయనే నాకు నేర్పారు. ఆయన పెదవులు కదిలాయి. వాళ్ళ నాన్న నెత్తురు లేచి నిలబడిందనుకుంటాను.

"మన ఆఫీసు, ఎదర తీగ," అన్నారు, తెర వైపు చూడకుండానే.

"తన దగ్గరకు తాను, ధ్యానం లైను."

"తన దగ్గరకు తాను, ధ్యానం లైను."

"డిఫాల్ట్, బ్రాడ్‌బ్యాండ్ గుమ్మం."

"డిఫాల్టు, బ్రాడ్‌బ్యాండు గుమ్మం." చెయ్యి మీట మీంచి జారింది. "తరవాత?"

"అంతే సార్."

"బీర్‌గావ్?"

"లేదు సార్."

"బీర్‌గావ్ లేదు," అని ఆయన తిరిగి చెప్పారు. చెప్పి, కళ్ళు మూసుకుని కుర్చీలో కూలబడ్డారు. నాకూ అప్పుడే అర్థమైంది. ఆ తీగ వేసిన నాడు హడావుడిలో ఆయన బీర్‌గావ్ దారిని చేత్తో కొట్టారు. అలా కొట్టిన దారి యంత్రం నడుస్తున్నంతసేపే దానికి గుర్తుంటుంది. లేచినప్పుడల్లా గుర్తుతెచ్చుకోమని వేరే రాసిపెట్టాలి. అది ఆయన రాయలేదు. ఆగని యంత్రం లేచేదెప్పుడు? ఆ గర్వంలో అది మరుగున పడిపోయింది. మాజీ గంటసేపు పడుకోబెట్టగానే అది బీర్‌గావ్‌ను శుభ్రంగా మరిచిపోయి లేచింది. పొద్దుటి నుంచి మా గేట్‌పాసులన్నీ తెలియని ఊరి ఖాతాలో పడి, బ్రాడ్‌బ్యాండ్ గుమ్మంలోంచి భూగోళం మీదకు దేశదిమ్మరుల్లా వెళ్ళిపోతున్నాయి.

ఆయన ఒకే ఒక్క వరుస కొట్టారు. నేను పైకి చదివాను, ఆయన తిరిగి చెప్పారు, అప్పుడు ఎంటర్ నొక్కారు. ఫోనులో సింగ్‌సాబ్ వెనక ప్రింటరు కీచుమంది. ఆ తరవాత లారీ హారన్లు. నాకు నాదస్వరం ఎప్పుడూ అంత కమ్మగా వినబడలేదు.

చిన్న సేఠ్ ఏమైంది అని అడిగాడు. పూజ మీదకు నెట్టేయొచ్చు, ఎవరూ కాదనరు. మాజీ మీదకు నెట్టేస్తే అసలు అడిగేవాడే లేడు. దాలినాయుడు గారు లేచి నిలబడి మఫ్లరు తీసి చేత్తో పట్టుకున్నారు. "గలతీ మేరీ హై, సేఠ్‌జీ," అన్నారు, తప్పు నాదేనని. "దారి ఏసినాను, రాసి పెట్టలేదు. ఇయ్యాళ పొద్దున్న సూడకుండా సెయ్యి పెట్టినాను. ఈ కుర్రోడు సూసినాడు." రెండోసగం తెలుగులో అన్నారని ఆయనకు తెలియదు. నేను హిందీలోకి మార్చి చెప్పాల్సి వచ్చింది; చివరి వాక్యం మాత్రం సిగ్గుపడి మింగేశాను.

చిన్న సేఠ్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తరవాత నాగపూర్ ఆయన వైపు తిరిగి, ఈ ఆఫీసులో ఇద్దరు మనుషులు ఒకే మాట చెప్పడం నేను పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి, దీన్ని నేను నాగపూర్ పంపలేను అన్నాడు. మెరిసే బూట్లకు టీ ఇచ్చి, నిన్నటి లడ్డూ పెట్టి పంపించాం. ఆ సాయంత్రం బీర్‌గావ్ దారిని లేవగానే గుర్తొచ్చేలా రాసిపెట్టి, అది నిజమో కాదో చూడ్డానికి దాలినాయుడు గారు తనంతట తానే యంత్రాన్ని ఆపి లేపారు. ఇన్నాళ్ళ నిద్రలేమి రికార్డు సున్నాకు పడిపోయింది. ఆ తరవాత అతిథులు వస్తే ఆయన చూపించడానికి పెరుగు గిన్నెలే మిగిలాయి.

ఆయన రిటైరయ్యాక చాలా ఏళ్ళకు ఆసుపత్రిలో చూశాను. మీసం తెల్లబడినా వెడల్పు తగ్గలేదు. ఒంటినిండా గొట్టాలు. నన్ను చూడగానే పలకరింపు లేదు, కనుబొమ్మ ఎగరేసి గొట్టాల వైపు చూపించారు. నాకు అర్థమైంది. "సెలైన్, ఎడమ చెయ్యి," అన్నాను. "సెలైను, ఎడం సెయ్యి," అన్నారు. "ఆక్సిజన్, ముక్కు." "ఆక్సిజను, ముక్కు." నర్సు మా ఇద్దరికీ ఏదో సోకిందనుకుని డాక్టరును పిలవబోయింది. అన్నీ అయ్యాక ఆయన, "డిఫాల్టు?" అన్నారు. తెలియదు సార్ అన్నాను. ఆయన మీసం కింద నవ్వు పాకింది. "తెలీనిదంతా అటే కదరా," అన్నారు. ఆ వరుస నేను తిరిగి చెప్పలేకపోయాను. ఆయన మళ్ళీ అడగలేదు.

ఈ పూట నా తెర మీద పట్టిక ఖాళీగా ఉంది. శీర్షిక తప్ప కింద ఒక్క దారి లేదు; ఈ కాలపు యంత్రం ధ్యానం లైను కూడా చూపించదు. అలవాటు కొద్దీ, "ఏమీ లేదు," అని పైకి చదివాను.

వంటింట్లోంచి అరుణ పోపు వేస్తూనే, "ఏమీ లేదు," అంది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ దీన్ని చూసి మా అమ్మకు ఫోను చేసింది. ఇప్పుడు వెక్కిరింపుగానే అయినా ఒక్క మాట తప్పకుండా తిరిగి చెబుతుంది. "మీ మోడెం పడుకుంది. దండ కింద స్విచ్చుంది, లేపుకోండి."

లేపాను. బంతిపువ్వు వెనక పచ్చ దీపం వెలిగింది. మళ్ళీ కొట్టి చదివాను. "డిఫాల్ట్, గోడ మీద మోడెం."

జవాబు రాలేదు. పోపు చిటపటలాడుతోంది. దాలినాయుడు గారు నేర్పినట్టు, అదే వరుస ఇంకోసారి చదివి, ఆగాను.

"డిఫాల్ట్, గోడ మీద మోడెం," అంది అరుణ. "చారులో ఉప్పేశాను."

"చారులో ఉప్పేశావు," అన్నాను.